రెండడుగుల సూత్రానికి ‘మోకాళ్ల సంజీవని’ వ్యాఖ్య

మూలం: “ఇంతదూరం వచ్చి అది చూడకుండా పోతారటండీ! పక్కనే. రెండడుగులు.”

అవతారిక: అలిపిరి మెట్లు 3550 ఎక్కి, దర్శనం చేసుకుని, తిరుమలలో ఏ చెట్టునీడనో కాళ్లు చాపుకున్న యాత్రికుణ్ణి ఉద్దేశించి, ప్రతి బృందంలోనూ ఒక పెద్దాయన పలికే వాక్యమిది. కర్త నామగోత్రాలు అనవసరం. ఆయన ఇదివరకే అన్నీ చూసేసి ఉంటాడు. అదే ఆయన లక్షణం.

ఇంతదూరం: సుబోధం. పిక్కలనడగండి.

అది: సర్వనామం. శిలాతోరణం, ఆకాశగంగ, జాపాలి, పాపవినాశనం, ఆయన నోట ఏది వస్తే అది. శిలాతోరణమైతే నాకు ఆక్షేపణ లేదు. గుడికి కిలోమీటరు దూరంలో, సున్నమూ మేస్త్రీ లేకుండా లేచిన రాతి విల్లు. 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. అన్ని కోట్ల ఏళ్లు నిలబడిన రాయి నేను ఓ గుక్క కాఫీ తాగేదాకా నిలబడదా అన్నదే పూర్వపక్షం. తుంబురు తీర్థమైతే మాట వేరు. పాపవినాశనం దాటి అడవిలో పడి నడవాలి. ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి జనాన్ని వదిలే దారి అది. మా సూత్రకారుడు దాన్ని ఆషాఢమాసంలో సిఫారసు చేశాడు.

రెండడుగులు: అడుగంటే ఎవరి అడుగు? విష్ణుక్షేత్రం కనుక త్రివిక్రముడి కొలతే ప్రమాణం. ఆయన ఒక అడుగుతో భూమినీ రెండో అడుగుతో ఆకాశాన్నీ కొలిచాడు. ఆ లెక్కన సూత్రకారుడు అబద్ధమాడలేదు. మూడో అడుగు ఎవరి నెత్తిన పడుతుందో మాత్రం చెప్పలేదు.

పక్కనే: ఈ పదానికి ప్రమాణం మేఘసందేశంలో వెతకాలి. దానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథుడు మన మెతుకుసీమ కొలిచెలమవాడు. అక్కర్లేనిది ఒక్క ముక్కా రాయనని వ్రతం పట్టినవాడు. ఆయన దగ్గర పేరు మాత్రం తీసుకున్నాను, వ్రతం తీసుకోలేదు.

అందులో భార్యకు మబ్బుతో కబురంపే యక్షుడికి ఎంత తొందర ఉండాలి! శాపం తీరడానికి ఇంకా నాలుగు నెలలుంది. అక్కడ అలకాపురిలో ఆవిడ ఎలా ఉందో తెలీదు. మబ్బు తిన్నగా ఉత్తరానికి పోతే చాలు. అయినా ఉజ్జయిని చూడకుండా పోవద్దంటాడు. పక్కదారి పట్టించడంలో ఇంతకు మించిన ఘనుడు లేడు. కానీ, చూడండి, ‘పక్కనే’ అనలేదు. దారి వంకరవుతుందని ముందే ఒప్పేసుకున్నాడు. ఆమ్రకూటం మీద అలుపు తీర్చుకోమన్నాడు. రేవానదిలో కడుపునిండా నీళ్లు తాగమన్నాడు, కురిసి తేలికపడ్డ మబ్బును గాలి ఇట్టే ఎగరేసుకుపోతుందని. మహాకాళుడి కోవెలకు ఏ వేళ చేరినా పొద్దుగుంకేదాకా ఆగమన్నాడు; సంధ్యపూజలో నగారా మోగించడానికి ఉరుము కావాలి. రాత్రికి మబ్బు ఇల్లాలు మెరుపు అలిసిపోతుంది కనుక పావురాలు పడుకున్న ఏదో మేడమీద తల దాచుకుని, తెల్లారాక మిగతా దారి పట్టమన్నాడు. నీళ్లు, బస, వేళ, వెంట ఉన్న ఇల్లాలి అలసట, నాలుగూ చెప్పాడు. మబ్బుకు మోకాళ్లు లేవు, అయినా చెప్పాడు. గంభీరానది దగ్గర ఆలస్యం అవుతుందేమోనని దిగులుపడ్డాడు కూడా. ఆ తర్వాత దేవగిరి, చర్మణ్వతి, దశపురం, కనఖలం, అక్కణ్ణుంచి క్రౌంచరంధ్రం... మనం ఎక్కడున్నాం? పాపవినాశనం.

అక్కడికి బస్సులున్నాయి, జీపులున్నాయి, గొడవ లేదు. గొడవంతా రోడ్డు వదిలి కాలిబాట పట్టేచోట. దిగడం ఎప్పుడూ సులువే. దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలన్న సంగతి పైన ఎవరూ చెప్పరు. మోకాలి పట్టీ కట్టుకున్న అమ్మమ్మ సగందారిలో కూర్చుని “ఇంకెంత నాయనా?” అని అడిగితే, ఎదురొచ్చే ప్రతివాడూ “వచ్చేశారమ్మా” అంటాడు. ఆవిడ లోకంలోని మర్యాదస్థులందరి చేతా మోసపోతోంది. మరుగుదొడ్డి ఎక్కడని ఆడవాళ్లు అడిగితే సూత్రకారుడు ఆకాశంలోకి చూస్తాడు.

పైగా ఇది శేషాచలం అడవి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలోనే చిరుత ఒక పసిపిల్ల ప్రాణం తీసింది. ఆ తర్వాత దేవస్థానం నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చింది. అసలు దారి సంగతే అదైతే, సాయంత్రం ఐదింటికి పిల్లల్ని వెంటేసుకుని ‘పక్కనే’ అంటూ పొదల్లోకి దారితీసే మనిషికి ఏ వ్యాకరణం చెప్పాలి? ఇక్కడ అలంకారం లేదు, ధ్వని లేదు. వెళ్లొద్దు, అంతే.

పాఠాంతరం: కొన్ని బృందాల్లో ఈ సూత్రం చివర “మీరు వెళ్లి రండి, సంచులు నేను చూస్తుంటాను” అని ఒక వాక్యం వినిపిస్తుంది. ఎవరో తర్వాత చేర్చిన ప్రక్షిప్తమని కొందరు పండితులంటారు. శైలిని బట్టి, ఉద్దేశాన్ని బట్టి, అప్పటికే ఆయన విప్పేసిన చెప్పుల్ని బట్టి, అది కర్త స్వంత వాక్యమేనని నా నిర్ణయం.