కెల్టిక్ ముడికి టీకా తాత్పర్యము

పీఠిక: మేక్రమే నగలు అల్లే తాడు కొంటే ప్యాకెట్టులో నాలుగు మడతల కాగితం ఒకటి వస్తుంది. అందులో బాణం గుర్తులే గాని మాటలుండవు. మాటల్లేని శాస్త్రం మనకు ఒంటపట్టదు గనుక, ఆ బొమ్మలను ఒక ఆటవెలదిలోకి దింపి దానికి టీక రాయడమైనది. పద్యం రాసినవాడూ వ్యాఖ్యాతా ఒక్కరే కావడంలో ఒక సుఖముంది: కవిహృదయం ఇదేనని ఒట్టేసి చెప్పవచ్చు.

మూలము:

ఆ. ఒక్కమాటు పైకి, నొక్కమా టడుగుకుఁ
బోవు తాడు తిరిగి పుట్టుచోటఁ
జేరి కొనలు దాచి చెన్నుగా బిగియింపఁ
గంఠమందు వెలయు గట్టి నగగ

టీక: ఒక్కమాటు = ఒకసారి; పైకిన్ = ఎదురుపడిన పాయ మీదికి; ఒక్కమాటు = మరుసారి; అడుగుకున్ = ఆ తర్వాత ఎదురైన పాయ కిందికి; పోవు తాడు = సాగిపోయే సాటిన్ తాడు; తిరిగి = వెనుదిరిగి కాదు, చుట్టు తిరిగి; పుట్టుచోటన్ = మొదలుపెట్టిన చోటికి; చేరి = వచ్చి; కొనలు = రెండు చివరలను; దాచి = వెనకవైపు జిగురుతో అంటించి, చుట్టాల కంట పడకుండా చేసి; చెన్నుగా = అందముగా, అనగా నెమ్మదిగా; బిగియింపన్ = బిగించగా; కంఠమందు = మెడలో; గట్టి నగగన్ = గట్టి ఆభరణముగా; వెలయున్ = ప్రకాశించును.

తాత్పర్యము: తాడు ఎదురైన ప్రతి కూడలిలోనూ ఒకసారి పైనుంచి, మరుసారి కిందనుంచి పోవాలి. కెల్టిక్ ముడి రహస్యం ఇంతే. మిగిలినది ఓపిక.

విశేషములు: "ఒక్కమాటు" అని రెండుసార్లు అనడం పునరుక్తి దోషమని కొందరంటారు. తాడు పట్టి చూడనివారి మాట అది. ఇక్కడ పూర్వపక్షి అసలు ప్రశ్న వేరు. "గీత ఇష్టం వచ్చినట్టు వంకర్లు తిరిగితే ఎక్కడో ఒకచోట రెండు ‘పైన’లు వరసగా వచ్చి పడవా?" పడవు. కలం ఎత్తకుండా గీసి మొదటికి తెచ్చి కలిపిన గీత, ఒక్కో కూడలిలో రెండేసి దారులే దాటుకుంటున్నంత వరకు, ఎంత చిక్కుగా ఉన్నా ఈ వరస చివరిదాకా నిలుస్తుంది. ఒక కూడలిని విడిచి మళ్ళీ అక్కడికే వచ్చేలోగా గీత దాటే కూడళ్ళ లెక్క ఎప్పుడూ సరిసంఖ్యే గనుక, తొలిసారి పైనుంచి పోయినది మలిసారి కిందనుంచి పోయి తీరాలి. ఇది గణితంలో నిరూపితం. కావున రెండు ‘పైన’లు వచ్చాయంటే దోషం తాడుదీ కాదు, పద్యానిదీ కాదు.

"పుట్టుచోటఁ జేరి" అన్నది మాత్రం అన్ని ముళ్ళకూ చెల్లదు. నావికులు టర్క్స్ హెడ్ అని పిలిచే ముడి ఉంది. మూడు పాయల జడను గుండ్రంగా వంచి కొనను మొదట్లో కలిపినట్టుంటుంది. లాకెట్టుకూ చెవి దిద్దులకూ బహు ముచ్చటైనది. మూడు పాయలకు అంచున నాలుగు మలుపులు పెడితే ఒకే తాడు అన్ని దారులూ తిరిగి ఇల్లు చేరుతుంది. అవే మూడు పాయలకు మూడు మలుపులు పెట్టి చూడండి: మొదటి తాడు తొందరగా మొదటికి వచ్చేసి, ఇంకో రెండు తాళ్ళు తెమ్మంటుంది. పాయల సంఖ్యకూ మలుపుల సంఖ్యకూ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం ఉండకూడదన్నది సూత్రం. ఈ చివర చెప్పిన మూడు తాళ్ళలో ఏ రెండూ ఒకదానికొకటి తగులుకొని ఉండవు. అయినా మూడూ కలిసి విడిపోవు. ఒకదాన్ని కోస్తే మిగతా రెండూ ఊడి చేతికొస్తాయి. సూచనల కాగితం ఈ సంగతి ఎత్తదు. క్లిఫర్డ్ ఆష్లీ 1944లో 3,800కు పైగా ముళ్ళను వరస సంఖ్యలు వేసి ఒకే గ్రంథంలో అచ్చేశాడు. టర్క్స్ హెడ్‌కు ఆ మహానుభావుడు ప్రత్యేకించి చోటిచ్చాడు.

"కెల్టిక్" అన్న విశేషణం మూలంలో లేదు, శీర్షికలోనే ఉంది. చేర్చినది అంగడివారు. క్రైస్తవం రాకముందరి కెల్టుల లోహపు పనిలో మెరిసేవి ప్రధానంగా సుడులు, తీగ వంపులు. ఈ అల్లిక రోమన్ల నేల చిత్రాల్లో ముందే ఉంది. ఐర్లండు, బ్రిటన్ మఠాల సన్యాసులు దాన్ని పట్టుకొని పరాకాష్ఠకు తీసుకుపోయారు. 8వ శతాబ్ది మొదట్లోని లిండిస్‌ఫార్న్ సువార్తల్లోనూ, సుమారు 800 నాటి బుక్ ఆఫ్ కెల్స్‌లోనూ పక్షుల మెడలు, కుక్కల తోకలు తోలు పుటల మీద ఒకదాని కిందనుంచి ఒకటి దూరిపోతుంటాయి. రెండో పుస్తకం డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉంది. ఆ అల్లికలను గళ్ళు గీసుకొని అంచెలంచెలుగా ఎలా కట్టాలో జార్జ్ బెయిన్ అనే స్కాట్లండు చిత్రలేఖన ఉపాధ్యాయుడు 1951లో పుస్తకం వేశాక, మఠంలో ఉండవలసిన విద్య వంటింటి బల్ల మీదికి వచ్చింది.

చిత్రకవిత్వం తెలిసినవారు ఇక్కడ నాగబంధాన్ని గుర్తు చేస్తారు. సామ్యం నిజమే. కాని పాము తనను తాను దాటే గడిలో కవి ఒకే అక్షరాన్ని రెండు దారులకూ వాడుకుంటాడు. అక్షరానికి దళసరి లేదు. తాడుకు ఉంది గనుక కూడలిలో ఒకటి లొంగాలి. సన్యాసికి ఈ బాధ సగమే: అతని రంగు గీత ఎండాక జారదు, దానికి కొనలూ లేవు. నగ చేసేవారికి మిగిలిన కష్టమంతా పద్యం మూడో పాదంలో ఉంది.

ఆ పాదంలోని "చెన్నుగా" దగ్గర తొందరపడి కొనలు రెండూ పట్టి లాగినవారున్నారు. వారికి దక్కేది పీటముడి. కార్క్ బోర్డు మీద కాగితం పరిచి, మలుపు మలుపుకూ గుండుసూది గుచ్చి ముందు వదులుగా అల్లాలి. జంట వరస కావాలంటే రెండో సారి తాడును మొదటి దారి పక్కనే, దాన్ని దాటకుండా నడపాలి. ఆపైన మొదటి నుంచి ఒక్కో మలుపులోని వదులును పక్క మలుపుకు తోస్తూ కొనదాకా తేవాలి. మళ్ళీ మొదటి నుంచి. అల్లడం కంటే ఇదే ఎక్కువ సేపు పడుతుంది. నగ అందమంతా ఇక్కడే తేలుతుంది.

"గట్టి నగ" అంటే కంసాలి భాషలో లోపల బోలు లేని బంగారం. ఇందులో గురిగింజెత్తు బంగారమైనా లేదు. ముఖ్యార్థానికి బాధ కలిగింది గనుక లక్షణార్థం చెప్పుకోవాలి: గట్టిది ముడి.

అలంకారము: పద్యంలో లేదు. తాడులో ముక్తపదగ్రస్తం.

ప్రక్షిప్తములు: ఈ ముడికి అనంత ప్రేమ అనీ, ఆ ముడికి విడదీయరాని స్నేహమనీ అట్ట మీద అచ్చేసి అమ్ముతారు. సన్యాసులు ఏ ముడికీ అర్థం రాసిపెట్టలేదు. ఆ అట్టను పారేసి నగను ఉంచుకోవచ్చు.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారికి ముడి రాదు, తాడు కొన్నవారికి వస్తుంది. కొనేటప్పుడు లేత రంగు తీసుకోండి. నల్ల తాడులో ఏది పైనో ఏది కిందో దీపం పెట్టి వెతికినా కనపడదు.