మార్జిను మహిమ
కోడుమూరు ప్రాంతపు మట్టిమిద్దెలు వానకు కురియు తీరును గూర్చి వ్యాసము వ్రాసి, ఏపీఏ (అమెరికను మనస్తత్త్వశాస్త్ర సంఘపు) శైలిగ్రంథపు పద్ధతి ననుసరించు గృహవిషయక పరిశోధనపత్రికకు పంపదలచిన పండితునకు మిద్దెకంటె ముందుగా ఎదురగునది మార్జిను: నలువైపులను 1 అంగుళము విడువవలెను, పంక్తికిని పంక్తికిని రెట్టింపు ఎడముండవలెను, సంగ్రహము 250 పదములు మీరరాదు. రచయిత యెవరో పరీక్షకునకు తెలియరాదు గనుక, పేరుతోబాటు ఊరును చెరిపివేయగా, హంద్రి చెంతనున్న కోడుమూరు ‘ఒకానొక గ్రామ’మైనది, మిద్దె మాత్రము కోడుమూరులోనే కురియుచున్నది.

అక్షరములకే ఇంతటి ఎడము కల్పించు ఈ లోకమున, 2020 డిసెంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పల్లెపేదలకు పంచనారంభించిన ఇంటిస్థలము ఒకటిన్నర సెంటు. గోడకును పొరుగుగోడకును నడుమ కాగితమునకు దక్కిన మార్జినైనను దక్కునట్లు, గృహనిర్మాణశాఖవారు ఆ శైలిగ్రంథమును ఒకపరి తిరుగవేయవలెనని మనవి.