బొగ్గు బాయి ఇంట్లో గ్రామరు పుస్తకం

నా అసలు పేరు హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్. ఆ పేరు ఎవరికీ పట్టదు. గోదావరిఖనిలోనూ అందరూ నన్ను రెన్ అండ్ మార్టిన్ అనే అంటారు. పి.సి. రెన్, హెచ్. మార్టిన్ అనే ఇద్దరు 1930ల్లో నన్ను రాశారు. 1924లో 'బ్యూ జెస్ట్' నవలతో పేరు తెచ్చుకున్న రెన్ ఆయనే. మన దేశంలో ఉద్యోగాలు చేస్తున్న తెల్లదొరల పిల్లల కోసం పుట్టానంటారు. తర్వాత ఎన్.డి.వి. ప్రసాదరావు గారు నన్ను సవరించి మన పిల్లలకు దగ్గర చేశారు. అచ్చయి, కుట్టుపడి, ఎర్ర అట్ట తొడుక్కున్న సంగతులు చెప్పుకునేంత గొప్పవేం కావు. ఒక సింగరేణి కార్మికుడు నన్ను కొన్నాడు. నా గర్వమంతా అదే.

ఆయన జీడీకే 11వ ఇంక్లైన్‌ గనిలో పనిచేసేవాడు. గనిలో భద్రత చూసుకునే సర్దార్ ఉద్యోగపు పరీక్ష పాసవ్వాలని పట్టుదల. అందుకు అప్పట్లో కోల్ మైన్స్ రెగ్యులేషన్స్, 1957 చదవాల్సి ఉండేది. తెరిస్తే ఒక్కో వాక్యం పేరా అంత పొడుగు. మొదలెక్కడో తుది ఎక్కడో అంతుపట్టేది కాదు. అందుకని చౌరస్తాలో పాత పుస్తకాలవాడి దగ్గర నన్ను బేరమాడాడు. నైట్ షిఫ్టు దిగొచ్చి, స్నానం చేసి, క్వార్టరు అరుగు మీద కూర్చుని చదివేవాడు. ఎంత తోమినా గోళ్ల సందుల్లో బొగ్గు పోదు. నా క్లాజుల పేజీల అంచులు ఆ వేళ్లతోనే నల్లబడ్డాయి. ఆ నలుపు నాకెప్పుడూ మాసినట్టు అనిపించలేదు.

పొడుగాటి వాక్యాన్ని చూసి జంకొద్దని నేను చెబుతాను. ముందు పూర్తి క్రియలను వెతకాలి. పూర్తి క్రియ ఉన్నచోటల్లా ఒక క్లాజు ఉంటుంది. తన కాళ్ల మీద తాను నిలబడగలిగింది మెయిన్ క్లాజు. దానికి ఎప్పుడు, ఎందుకు, ఏ షరతు మీద అని చెబుతూ ఆనుకుని ఉండేది సబార్డినేట్ క్లాజు. ఒకే క్లాజుంటే సింపుల్ సెంటెన్స్, సమానమైనవి 'అండ్', 'బట్'లతో కలిస్తే కాంపౌండ్, ఒకటి మరోదాన్ని ఆనుకుంటే కాంప్లెక్స్. తెలుగు వాచకంలో సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట వాక్యాలు చదివినవాళ్లకు ఇది మరీ కొత్త కాదు. తేడా వేరేచోట ఉంది. 'సైరన్ మోగగానే కార్మికులు బయల్దేరారు' అంటే తెలుగుకు 'మోగగానే' అనే అసమాపక క్రియ చాలు. ఇంగ్లిషులో 'యాజ్ సూన్ యాజ్ ద సైరన్ సౌండెడ్' అని ఆ చిన్న ముక్కకూ సొంత పూర్తి క్రియ పెట్టాలి. మన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. 'అయినా గానీ' అనే అలవాటు కొద్దీ 'దో'తో మొదలుపెట్టి మధ్యలో మళ్లీ 'బట్' తగిలించేదీ ఇలాగే.

ఆయనకు నా పద్ధతి తొందరగా పట్టుబడింది. గని గాలిలో మండే వాయువు 1.25 శాతం దాటితే అక్కడి కరెంటు వెంటనే తీసేయాలన్న నిబంధనను పెన్సిలుతో విడగొట్టాడు. 'దాటితే' వరకు షరతు చెప్పే అడ్వర్బ్ క్లాజు, 'తీసేయాలి' అన్నది మెయిన్ క్లాజు. నా పాఠం మనుషుల ప్రాణాల దాకా వెళుతుందని నాకు తెలిసింది ఆ పూటే.

కూతురు పదో తరగతికి వచ్చింది. 'అన్‌లెస్' మీద సొంత వాక్యం రాయమని బళ్లో చెప్పారట. 'నో పర్సన్ షల్ ఎంటర్ అన్‌లెస్ ద ప్లేస్ ఈజ్ నాట్ సేఫ్' అని రాసింది. ఆయన చూసి గతుక్కుమన్నాడు.

"బిడ్డా, గిట్ల రాస్తే ఏమైతదో ఎరికేనా? బాయి కప్పు బాగలేని జాగలకే మనుషులను తోలినట్టయితది."

"జాగ మంచిగ లేకపోతే పోవద్దనే గదా బాపూ రాసిన?"

"అన్‌లెస్‌ల 'కాకపోతే' ముందే ఉన్నది. మళ్ల 'నాట్' ఎందుకు? ఆ ఒక్కటి కొట్టెయ్."

ఆ పిల్ల 'నాట్' కొట్టేసి, వాక్యం మళ్లీ మళ్లీ చదువుకుంది. నా మీద ఎన్ని వివరణలు అచ్చయినా, కప్పు కింద పనిచేసిన మనిషి చెప్పినంత బాగా ఏదీ చెప్పలేదు. ఆయన సర్దార్ అయ్యాడు. పిల్ల కూడా చదువుకుని పైకొచ్చింది.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. సామాను సర్దేటప్పుడు నన్నూ, నా జవాబుల కీ పుస్తకాన్నీ పక్కింటి అబ్బాయి చేతిలో పెట్టాడు, ఉద్యోగ పరీక్షలకు పనికొస్తామని. ఆ అబ్బాయి నన్ను వరుసగా ఒక్క పాఠమైనా చదవలేదు. గైడులో బిట్లు బట్టీ పట్టేవాడు. వాక్యంలో 'హూ' కనపడితే అడ్జెక్టివ్ క్లాజు అని టిక్కు పెట్టేవాడు. 'ఐ డోంట్ నో హూ కేమ్' అన్నదాంట్లో అదే 'హూ' నౌన్ క్లాజుకు మొదలు. నేను విప్పి చెబుతూనే ఉన్నాను, వినేవాళ్లు లేరు. క్లాజు పనిని చూసి గుర్తుపట్టాలి. మొదటి మాట చూస్తే సరిపోదు. అతను ఇది వినకపోవడమే నాకు అన్నిటికన్నా బాధ.

ఎండాకాలం వచ్చాక కూలరు ఊగుతోందని నన్ను దాని కాలి కింద దూర్చాడు. రామగుండం ఎండలకు ఆ కూలరు రాత్రింబవళ్లు తిరిగింది. కారిన నీళ్లన్నీ నా మీదే. ట్రాన్స్‌ఫర్మేషన్ పాఠం ఉబ్బి విడిపోయింది. చివరి పేజీలు ముద్దకట్టాయి. వానలు పడగానే పాత పేపర్లతో కలిపి నన్ను తూకానికి వేశాడు. కీ పుస్తకాన్ని మాత్రం ఉంచుకున్నాడు. నాలోని ప్రశ్నలు లేకుండా ఆ జవాబులతో ఏం చేస్తాడో నాకు అర్థం కావడం లేదు. అతను కూడా సింగరేణి ఉద్యోగం కోసమే చదువుతున్నాడు. 1957 నిబంధనల స్థానంలో 2017వి వచ్చాయి. వాటిలోనూ ఆ 'అన్‌లెస్'లు, 'ప్రొవైడెడ్ దట్'లు ఉన్నాయి. రేపు బాయి దిగాక అతను వాటిని ఎలా విడగొట్టుకుంటాడో అని బెంగగా ఉంది.

ప్రస్తుతం పాత కాగితాల దుకాణంలో తాడు కట్టిన కట్టలో ఉన్నాను. కట్ట ఇంకా లారీ ఎక్కలేదు. నా క్లాజుల పాఠాలకు పెద్దగా తడి తగల్లేదు. పేజీలు అంచుల దగ్గర అంటుకున్నాయంతే. మెల్లగా విడదీస్తే ఆయన పెన్సిలు గీతలతో సహా చదువుకోవచ్చు.