క్యాన్సర్ నయమైన ఆడవాళ్లకు చెప్పకూడని సలహాలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఆపరేషనో, కరెంటో (రేడియేషన్) అయి ఇంటికొచ్చిన మనిషికి చుట్టాలూ ఇరుగుపొరుగూ బోలెడు సలహాలు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. కానీ వాటిలో కొన్ని ఆమెకు ఏళ్ల తరబడి నొప్పినీ ఒంటరితనాన్నీ మిగులుస్తాయి. అలాంటివి ఐదు, వాటికి బదులు చేయాల్సినవీ ఇవి.

1. “ప్రాణం దక్కింది చాలు, ఇంకా సంసారం సంగతెందుకు?”

నలభై ఏళ్లకే జబ్బు చేసిన మనిషికి ముందు చాలా జీవితం ఉంది. భర్త దగ్గరితనం కోరుకోవడం అత్యాశ కాదు. ఇక వద్దనుకున్నా తప్పు లేదు, ఆ నిర్ణయం ఆమెదే కావాలి. కానీ ఒకసారి ఈ మాట పడ్డాక ఆమె డాక్టర్ దగ్గర కూడా నోరు విప్పదు.

2. “దూరంగా పడుకోండి, ఆయనకు అంటుకుంటుంది.”

క్యాన్సర్ అంటుకోదు. బయటినుంచి పెట్టిన కరెంటు ఒంట్లో నిలవ ఉండదు. ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ కలయికతో వ్యాపిస్తుంది, నిజమే. అయితే అది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. దాన్ని పట్టుకుని ఆమె నడవడికను శంకించడం అన్యాయం. గర్భసంచి తీశాక లోపలి కుట్లు మానేదాకా, మామూలుగా 6 నుంచి 8 వారాలు, కలయిక వద్దంటారు. తర్వాత డాక్టర్ పరీక్ష చేసి సరేనంటే భయపడక్కర్లేదు.

3. “నొప్పొస్తే పళ్ల బిగువున ఓర్చుకో.”

కరెంటు వల్ల యోని పొడిబారి, గోడలు బిగుసుకుని, దారి ఇరుకు కావచ్చు. నొప్పి భయానికి కండరాలూ ముడుచుకుంటాయి, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. దీనికి డైలేటర్ అనే నున్నటి గొట్టం ఉంది. పుండు మానాక, డాక్టర్ చెప్పినప్పుడు మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, అన్నిటికన్నా చిన్న సైజుకు జెల్ రాసి, ఊపిరి వదులుతూ మెల్లగా లోపలికి పోనివ్వాలి. వారానికి రెండు మూడుసార్లు, 5 నుంచి 10 నిమిషాలు. గట్టిగా నొప్పి పుడితే ఆపాలి. ఇరుకవకుండా ఉంటే, చెకప్‌లో డాక్టర్ చేసే పరీక్ష కూడా తేలికవుతుంది. కలయిక తర్వాత కొత్తగా రక్తం కనబడితే మాత్రం చెకప్ తేదీ దాకా ఆగకుండా వెళ్లి చూపించుకోవాలి.

4. “ఆవిర్లూ చిరాకూ వయసుతో వచ్చేవే, సర్దుకుంటాయి.”

అండాశయాలు తీసేసినా, వాటికి కరెంటు తగిలినా ముట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. నెమ్మదిగా రావాల్సిన మార్పు ఉన్నట్టుండి మీద పడుతుంది. నిద్ర పట్టదు, ఒళ్లంతా ఆవిర్లు, కోరిక తగ్గుతుంది. దీనికి మందులున్నాయి. ముఖద్వార క్యాన్సర్‌లో ఎక్కువగా కనబడే స్క్వామస్ రకానికి సాధారణంగా హార్మోన్లు వాడవచ్చు. గర్భసంచి లోపలి పొరకు వచ్చిన క్యాన్సర్ సంగతి వేరు. కాబట్టి పక్కింటావిడ వాడిన మాత్ర కాకుండా, మన రిపోర్టులు చూసిన డాక్టర్ రాసిందే వాడాలి.

5. “ఇలాంటివి మగాళ్లతో మాట్లాడకూడదు, అన్నీ పెద్ద డాక్టరే చూసుకుంటారు.”

ఓపీ గది బయట ఫైలు పట్టుకుని నిలబడ్డ భర్తకూ భయమే. ముట్టుకుంటే ఆమెకేమవుతుందోనని దూరంగా ఉంటాడు. తనంటే రోత పుట్టిందని ఆమె అనుకుంటుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలర్ కావాలి. బిగిసిన కండరాలను వదులు చేయడం నేర్పే ఫిజియోథెరపిస్ట్, డైలేటర్ వాడకం చూపించే నర్సు, హార్మోన్ల సంగతి చూసే గైనకాలజిస్ట్, దిగులు పట్టుకుంటే సైకియాట్రిస్ట్ కావాలి. ఆపరేషన్ చేసిన డాక్టర్ ఒక్కరే ఇవన్నీ చూడలేరు. ఎవరి దగ్గరికి పంపాలో ఆయన చెప్పగలరు, ఆ మాట మనమే అడగాలి. మనసు మరీ కుంగితే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

పరామర్శకు వెళ్లేవాళ్లకు చివరిగా ఒక మాట. ఆమె అడగాలనుకుని సిగ్గుపడుతున్నవి ఒక చీటీ మీద రాయించండి. వచ్చే చెకప్‌కి తోడు వెళ్లండి, గదిలో జనం ఎక్కువుంటే ఆమెతో విడిగా మాట్లాడమని డాక్టర్‌ను అడగండి. సలహా కన్నా ఆమెకు ఈ తోడే అవసరం.