ప్రైవేటుకిస్తే యుద్ధమూ బాగుపడుతుంది

“సర్కారుకి చేతకాదు, ప్రైవేటుకిచ్చి చూడండి” అన్న సలహా మన దగ్గర ఊరికే దొరుకుతుంది. ఆర్టీసీ బస్సు రాకపోయినా అదే మందు, పెద్దాసుపత్రిలో మంచం దొరక్కపోయినా అదే మందు. విశాఖ ఉక్కును బేరానికి పెట్టినప్పుడైతే టీవీ చర్చల్లో ఆ మందు బిందెలతో పోశారు. ప్రైవేటంటే పోటీ, పోటీ అంటే చవక, చెప్పిన వేళకు సరుకు. ఇంత గొప్ప సూత్రాన్ని బస్సుల దగ్గరే ఆపేయడం అన్యాయం. యుద్ధం మీద కూడా వాడి చూసిన దేశాలున్నాయి, వాళ్ల వైభోగం చూద్దాం.

అమెరికా వైమానిక దళానికి సి-17 అనే భారీ రవాణా విమానాలున్నాయి. చేసింది బోయింగ్, విడిభాగాలు ఇచ్చేదీ బోయింగే. ఆ విమానం బాత్‌రూమ్‌లో చేతులు కడుక్కోవడానికి ఓ సబ్బునీళ్ల డబ్బా ఉంటుంది. దాని ధర సంగతి ఎవరో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేస్తే పెంటగాన్ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం తవ్వి చూసి, 2024 అక్టోబరులో లెక్క బయటపెట్టింది. బజారులో దొరికే అలాంటి డబ్బా కన్నా 80 రెట్లకు పైగా పోసి కొన్నారట. ఒక్క సబ్బుడబ్బాల పద్దులోనే 1,49,072 డాలర్లు ఎక్కువ కట్టారు. మిలటరీ ప్రమాణాలకు చేసిన వస్తువును మామూలు బజారు సరుకుతో పోల్చడం సబబు కాదని బోయింగ్ నొచ్చుకుంది. నిజమే కదా. చేతులకు అంటిందేమిటో బట్టే సబ్బు ధర.

బోయింగ్ పెద్ద ఏనుగు, దాని మేత అంతే అనుకోవచ్చు. ట్రాన్స్‌డైమ్ అనే కంపెనీది ఇంకా నాజూకైన పద్ధతి. ఫలానా భాగం ప్రపంచంలో తాము తప్ప ఎవరూ చేయని చిన్న చిన్న కంపెనీలను వెతికి కొంటుంది, ఆపైన ధర పెంచుతుంది. 46 డాలర్లు పడాల్సిన లోహపు పిన్నుకు 4,361 డాలర్లు వేసింది. 2019లో ఇన్‌స్పెక్టర్ జనరల్ 47 భాగాలు పరిశీలిస్తే 46 భాగాల మీద మితిమీరిన లాభం కనబడింది. చట్టం మాత్రం ఎక్కడా తప్పలేదు. ఒప్పందం విలువ ఓ హద్దు లోపల ఉంటే అసలు ఖర్చెంతో చెప్పనక్కర్లేదని రాసుకున్నారు మరి. అమెరికా కాంగ్రెస్ సభ్యులు పిలిపించి నాలుగు మాటలు అన్నాక కంపెనీ 1.61 కోట్ల డాలర్లు “స్వచ్ఛందంగా” తిరిగిచ్చింది. పట్టుబడ్డాక పర్సు ఇచ్చేసేవాణ్ని మన ఊళ్లో దాత అని పిలిచే ఆచారం లేదు, అది మన వెనుకబాటుతనం.

పోటీ ఉందిగా అంటారా? ఉండేది. 1990లలో పెద్ద ఆయుధ, విమాన కంపెనీలు అక్కడ 51. కోల్డ్‌వార్ ముగిశాక, 1993లో రక్షణ శాఖ పెద్దలే కంపెనీ యజమానులను భోజనానికి పిలిచి, ఇంతమందికి పని ఉండదు, ఒకరిలో ఒకరు కలిసిపొండి అని చెప్పారు. పెట్టిన భోజనం ఊరికే పోలేదు, 51 కాస్తా 5 అయ్యాయి. ఐదుగురు కూర్చుని పోటీ పడటం సులువు. కుర్చీలు తక్కువ కావాలి, అంతే.

ఇక వేళకు సరుకు. 2022 జనవరిలో, రష్యా ఉక్రెయిన్‌లోకి దిగడానికి నెల ముందు, ఆయుధ కంపెనీ రేథియాన్ అప్పటి అధినేత గ్రెగ్ హేస్ తూర్పు యూరప్ ఉద్రిక్తతల వల్ల తమకు కొంత మేలే జరుగుతుందని వాటాదారులకు నమ్మకంగా చెప్పాడు. జోస్యం ఫలించింది, ఫ్యాక్టరీ సిద్ధంగా లేదు. ఆ ఫ్యాక్టరీ చేసే, భుజం మీద పెట్టి పేల్చే స్టింగర్ క్షిపణిని అమెరికా సైన్యం దాదాపు ఇరవై ఏళ్లుగా కొనలేదు. దాంతో తయారీ పద్ధతి తెలిసినవాళ్లు రిటైరైపోయారు. డెబ్బై దాటిన తాతయ్యలను వెనక్కి పిలిపించి కుర్రాళ్లకు పని నేర్పించారు. కొనేవాడు లేనిదే సరుకు చేయకపోవడం మార్కెట్ ధర్మం. ముందుగా ఆర్డరు పెట్టకుండా వచ్చెయ్యడం యుద్ధం తప్పు.

అమ్మడం దగ్గరే ఆగినవాళ్లు మర్యాదస్తులు. యుద్ధాన్ని నడిపేవాళ్లూ ఉన్నారు. ఉక్రెయిన్ సైన్యం మాటామంతీ ఎలాన్ మస్క్ స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ మీద సాగింది. క్రిమియాలో సెవస్తోపోల్ దగ్గరి రష్యా నౌకల మీదికి సముద్రపు డ్రోన్లు పంపడానికి అక్కడ సిగ్నల్ కావాలని అడిగితే, ఇవ్వనన్నాడు. అది తెలివైన నిర్ణయమే అనేవాళ్లున్నారు, కావచ్చు కూడా. ఏ తీరం దాకా యుద్ధం జరగాలో తేల్చేవాడికి ఎవరూ ఓటెయ్యలేదు, అంతే తేడా.

రష్యాలోనైతే కేటరింగ్ కాంట్రాక్టరే సేనాపతి అయ్యాడు. కిరాయి సైన్యం అక్కడి చట్టం ప్రకారం నేరం. అందుకే ఆ కాంట్రాక్టరు ప్రిగోజిన్, వాగ్నర్ అనే కిరాయి సైన్యంతో నాకేం సంబంధం అంటూ, ఉందన్నవాళ్ల మీద దావాలు వేస్తూ వచ్చి, చివరికి 2022 సెప్టెంబరులో స్థాపించింది నేనేనన్నాడు. 2023 జూన్‌లో గుండ్లు చాల్లేదన్న పాత కోపం, తన మనుషులను సైన్యంలో కలిపేస్తారన్న కొత్త కోపం కలిసి, మాస్కో మీదికే బయల్దేరాడు. ఏడాదిలో వాగ్నర్‌కు 8,600 కోట్ల రూబుళ్లకు పైగా ఖజానా నుంచే ఇచ్చామని ఆ తర్వాత పుతిన్ స్వయంగా చెప్పాడు. లేని కంపెనీకి ఇంత నిక్కచ్చిగా బిల్లులు చెల్లించిన ప్రభుత్వం ఇంకోటి ఉండదు. రెండు నెలలకు ఆ కాంట్రాక్టరు విమానం కూలింది. కాంట్రాక్టు రద్దు చేయడంలో సర్కారు సామర్థ్యాన్ని ఇకనైనా ఒప్పుకోవాలి.

మనమూ మరీ వెనకబడి లేం. అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లాజ్‌లు, సి-130 విమానాల తోకలు హైదరాబాదులోనే తయారవుతున్నాయి. ఇక ఆ ఫ్యాక్టరీల్లో ఉద్యోగం దొరకనివాళ్లకు షేర్లున్నాయి. జర్మనీ ఆయుధ కంపెనీ రైన్‌మెటల్ షేరు ఉక్రెయిన్ యుద్ధానికి ముందు 100 యూరోల చుట్టుపక్కల ఉండేది, 2025లో 1,500 దాటింది. 2024లో ఆ కంపెనీ డార్ట్‌మండ్ ఫుట్‌బాల్ జట్టుకు స్పాన్సరు కూడా అయింది. ఇంత చల్లగా సాగుతున్న కాపురంలో 2025 ఆగస్టులో ట్రంప్, జెలెన్‌స్కీ వైట్‌హౌస్‌లో కూర్చుని శాంతి మాటలు మాట్లాడారు. మర్నాడు యూరప్ ఆయుధ కంపెనీల షేర్లు పడ్డాయి. ఆ నష్టపరిహారం ఎవరినడగాలో ప్రస్తుత ఒప్పందాల్లో లేదు. వచ్చే టెండరులో ఆ క్లాజు చేర్చితే సరి.