కిందికి తిరిగిన బొటనవేలు

మొహం మీద ‘బాగోలేదు’ అనే దమ్ము లేనివాళ్ల కోసమే ఆ డిస్‌లైకు బటన్ పుట్టిందని నా గట్టి నమ్మకం. నేనూ ఆ బాపతే మరి. పెళ్లిలో చప్పిడి పులిహోర పెట్టినా ‘అద్భుతం బావగారూ’ అంటూ మారు వడ్డించుకునే మనిషిని. అదే రాత్రి దుప్పటి ముసుగేసి ఫోను చేతిలోకి తీసుకున్నానా, జడ్జీనైపోతాను. ఎవరో గుత్తివంకాయలో బెల్లం వేశారు, నొక్కాను. ఇంకెవరో ‘హాయ్ ఫ్రెండ్స్’ అని మొదలెట్టారు, దానికీ నొక్కాను. కారణం చెప్పక్కర్లేదు, పేరు బయటపడదు. ఇంతకన్నా సుఖం ఏముంది?

2021 నవంబరులో యూట్యూబ్ వాళ్లు ఆ సుఖానికి గండి కొట్టారు. జనం గుంపులుగా వచ్చిపడి చిన్న చానళ్లవాళ్లను డిస్‌లైకులతో వేధిస్తున్నారట. అందుకని బటన్ ఉంచి, లెక్క మాత్రం వీడియో పెట్టినవాళ్లకే కనబడేలా చేశారు. ఓటేసి కౌంటింగ్ చూడలేని బతుకైపోయింది నాది.

రెడ్డిట్ అనే చర్చల సైట్‌లోనూ ఇలాంటి బటనే ఉంది, దానికో మర్యాదల చిట్టా కూడా ఉంది. ఎదుటివాడి అభిప్రాయం నచ్చలేదని కిందికి నొక్కకూడదు, చర్చకు పనికిరాని మాటైతేనే నొక్కాలి అంటుంది. చదివి తలూపాను. తలూపడంలో నాకు సాటి లేరు.

అసలు చిక్కంతా స్టాక్ ఓవర్‌ఫ్లోలో. ప్రోగ్రామ్ మొరాయించినప్పుడు మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు పరిగెత్తే చోటది. అక్కడ 125 పాయింట్లు సంపాదిస్తేగానీ కిందికి నొక్కే హక్కు రాదు. ఒకరి జవాబును నొక్కితే రాసినవాళ్లకు 2 పాయింట్లు పోతాయి, నొక్కినవాళ్లకూ 1 పోతుంది. ప్రశ్న మీద నొక్కితే మాత్రం నొక్కినవాళ్లకేమీ పోదు. అందుకే నేను ఎప్పుడూ ప్రశ్నల మీదే పడేవాణ్ణి.

ఈ ఏర్పాటు ఎంత న్యాయమైనదో ఒకరోజు భోజనాల దగ్గర మా ఆవిడకు విడమరచి చెప్పాను. ఊరుకుంటే పోయేది. ఆవిడ నా కంచం వంక చూసింది. కాకరకాయ ముక్కలన్నీ అంచుకు చేరి బుద్ధిగా వరస కట్టి ఉన్నాయి.

“ఇదేగా మీరు చెప్పే కిందికి నొక్కడం?”

“అబ్బే, చివర్లో తిందామనీ...”

“మరి మీకు ఈ ఇంట్లో ఆ 125 ఎక్కడివండీ? గ్యాసు బుక్ చేశారా? పాలవాడి లెక్క చూశారా? ఒక్క పూటైనా పొయ్యి వెలిగించారా?”

జవాబు లేదు. అంచున ఉన్న ముక్కలు మళ్లీ అన్నంలో కలిశాయి.

అప్పటికప్పుడే ఇంటి చట్టం తయారైంది. కూర నచ్చకపోతే కంచంతో కాదు, నోటితో చెప్పాలి. ఎందుకు నచ్చలేదో కూడా చెప్పాలి. చెప్పినవాళ్లు మర్నాడు కూర వండాలి. పౌరుషానికి పోయి ‘చేదు విరగలేదు’ అన్నాను.

మర్నాడు బెండకాయ వేపుడు నా వంతు. ముందు తరిగి, తర్వాత కడిగాను. శుభ్రం కదా అని! బాణలిలో వేసి మూత కూడా పెట్టాను. మూత తీసేసరికి గరిటె వెంట తీగలు సాగుతున్నాయి. మా ఆవిడ వచ్చి చూసింది, ఏమీ అనలేదు, ఆవకాయ జాడీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంతకన్నా మర్యాదగా కిందికి నొక్కడం నేనింకెక్కడా చూడలేదు.

మా అమ్మాయి మాత్రం ముక్కలన్నీ అచ్చం నాలాగే కంచం అంచుకు నెట్టింది.

“నచ్చకపోతే నోటితో చెప్పాలమ్మా, చట్టం చట్టమే” అన్నాను.

“చెబితే రేపు నేను వండాలిగా నాన్నా!”

మిగిలిన వేపుడంతా రాత్రికి నేనే తిన్నాను. ఎలా ఉందని మా ఆవిడ అడిగితే బ్రహ్మాండంగా ఉందన్నాను.