తులమున్నర పొడి

ఏం నాయనా, కాఫీ తాగాలంటే ముందు మెషీను కాగాలంట, తెలుసునా నీకు? పాలు కాదు, నీళ్ళు కాదు, మెషీను. అరగంట సేపు. మా రోజుల్లో ఆ అరగంటలో మీ అవ్వ పొయ్యి రాజేసి, ఎనుము పాలు పిండుకొచ్చి కాచి, ఇంటిల్లిపాదికీ కాఫీలిచ్చి, మిగిలిన నిమిషాల్లో నన్ను నాలుగు తిట్టి కూడా పెట్టేది. ఇప్పుడు మా మనవడు మబ్బుతోనే లేచి స్విచ్చేసి, పోయి మళ్ళీ పడుకుంటాడు. మెషీను కాగినాక వాడు లేస్తాడు.

వాడిది బెంగుళూరు కంపెనీలో పని. ఇంటి నుంచే చేసే పని గనక నెలలో సగం రోజులు ప్రొద్దుటూరులోనే ఉంటాడు, మాకూ సంతోషమే. ఆ సంతోషంలో ఉండంగానే కారు డిక్కీలోంచి ఈ స్టీలు పెట్టెను దించినాడు. ఇరవై కిలోల పైమాటే. "ఎస్ప్రెస్సో మెషీను తాతా, ఇటలీది" అన్నాడు. ఎంతరా అంటే మొదటిరోజు "పెద్ద ఎక్కువేం కాదు" అన్నాడు. రెండోరోజు "ఆఫర్లో వచ్చింది" అన్నాడు. అట్టపెట్టె మిద్దె మీద పెడతాంటే బిల్లు నా కంటబడింది. రెండు లక్షల పైచిలుకు! గింజలు ఆడించే గ్రైండరు వేరే బిల్లు. ఆ దుడ్లకు రెండు మంచి పాడి ఎనుములొస్తాయి. ఎనుమైతే అరగంట కాగాల్సిన పని కూడా లేదు.

నెలల తరబడి విచారించి కొన్నాడంట. నా పెండ్లికి ముందు మీ అవ్వను నేను చూడనే లేదు. మా నాయన జమ్మలమడుగు పోయి చూసొచ్చి, "పిల్ల బాగుంది, ఆ ఇంట్లో మంచి కాఫీ ఇచ్చినారు" అన్నాడు, అంతే. ఆ రెండో మాటే ఆయనకు ముఖ్యమని నాకిప్పటికీ అనుమానం. సరే, యాడికో పోతాండా.

వీడు విచారించిందేందంటే, బాయిలర్లు ఎన్ని అని. కాఫీ దిగేదానికి నీళ్ళు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలంట. పాలు నురగెత్తించే ఆవిరికేమో నూరు దాటి పోవాల. ఒకే బాయిలరు ఉంటే కాఫీ దించి, మళ్ళీ అది ఆవిరికి కాగేదాకా కాచుకొని కూర్చోవాల, అంతలో కప్పులోది చల్లారిపోతాది. అందుకని రెండు బాయిలర్లది తెచ్చినాడు. ఒత్తిడి తొమ్మిది బార్లు. మన కుక్కరు ఈలేసేది ఒక బారు దగ్గర, దానికి తొమ్మిదింతలన్నమాట. కుక్కరు ఈలేస్తేనే ఆమడ దూరం జరిగే మీ అవ్వ, ఈ లెక్క విన్నప్పటి నుంచి అది పనిచేస్తున్నంత సేపూ వంటింట్లోకి రాదు. వాడికి అదొక లాభం.

ఇంతకూ అరగంట ఎందుకురా అని అడిగితే, ముందరుండే ముక్కు భాగం చూపించినాడు. కిలోల కొద్దీ ఇత్తడి. అదంతా సమంగా వేడెక్కితే గానీ కాఫీ కుదరదంట. 1961లో ఇటలీలో ఫేమా కంపెనీ వాళ్ళు కనిపెట్టిన పద్ధతి, పేరు ఈ61. ఆ ఏడు ఫిబ్రవరి 15న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, గ్రహణాన్ని వాళ్ళ భాషలో ఎక్లిస్సి అంటారు గనక ఆ అక్షరం పెట్టినారంట. చూసినావా! గ్రహణం పూట మేము నీళ్ళ కుండ మీద దర్భ వేసి, పచ్చి గంగ ముట్టకుండా కూర్చుంటే, వాళ్ళు కాఫీ మెషీనుకు బారసాల చేసినారు. ఇంక అది అరగంట కాగక ఏం చేస్తుంది.

మళ్ళా తూకం ఒకటి. ప్రొద్దుటూరంటే బంగారం అంగళ్ళ ఊరని నీకు తెలుసు. మా వాడు ఆ బజారుకు పోయి, కంసాలులు వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనుక్కొచ్చినాడు, బంగారం కోసం కాదు. 18 గ్రాముల పొడి తూచాల. తులమంటే పదకొండు గ్రాముల అరవై ఆరు పాయింట్లు గదా, అంటే తులమున్నర పొడి, ఒక్క మనిషికి! అది బిళ్ళలాగా అదిమి, బిగించి, మీట తిప్పితే 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ రావాల. ఇరవై లోపలే దూకితే పులుపు, ముప్పై దాటి సాగితే చేదు. రెంటినీ సింకులో పోసేదే. కొత్త గింజల పొట్లం విప్పిన ప్రతిసారీ ఈ పారబోత పండగ ఉంటాది. మొదటిరోజు మీ అవ్వ ఆ సింకు పక్కన నిలబడి చూసిన చూపు, మా పెద్దోడు ఇంటర్ తప్పినప్పుడు కూడా నేను చూడలేదు.

మా ఇంట్లో పొడి పారబోయడమా! మంగలంలో గింజలు వేయించినప్పటి నుంచి అది ఇంటి సొత్తు. చిక్కమగళూరు గింజలు, సగం పీబెర్రీ, సగం ప్లాంటేషన్ ఏ. ఆ కొండల్లోకి బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చినాడని చెప్తారే, ఆ వంశం. మంగలం దించేసరికి వాసన వీధి చివరికి పోయేది. వాసన పోయినాక మనుషులు వచ్చేవాళ్ళు. ఊరికే వచ్చేవాళ్ళు, అడక్కుండా కూర్చునేవాళ్ళు. స్టూలుకు బిగించిన చేతి మరలో పొడి ఆడించడం పిల్లల వంతు. ఇత్తడి ఫిల్టరు పై అరలో పొడి వేసి, గొడుగు బిళ్ళ పెట్టి, మసిలే నీళ్ళు పోసి మరిచిపోవడమే. ఎన్ని బార్లు, ఎన్ని సెకన్లు? ఒకటే బారు, భూమి లాగే బారు. చుక్క చుక్కగా అదే దిగేది. ఒకరు ఎక్కువొస్తే కాసిన్ని నీళ్ళు ఎక్కువ, అంతేగానీ లేదనే మాట లేదు.

మొన్న మైదుకూరు నుంచి చుట్టాలు వచ్చినారు, పెద్దా చిన్నా కలిసి ఆరుగురు. మావాడు ఉత్సాహంగా మెషీను ముందు నిలబడినాడు. తూచడం, ఆడించడం, అదమడం, దించడం, పాలు బుస్సుమనిపించడం, గుడ్డతో తుడవడం, మళ్ళా తూచడం. మొదటి కప్పు మా వియ్యంకుడికి ఇచ్చినాడు. ఆయన తాగి, కప్పు కింద పెట్టి, వానల సంగతి, బుడ్డల ధర సంగతి, కోడలి కాన్పు సంగతి మాట్లాడి, తువ్వాలు దులుపుకొని "పోయొస్తా బావా" అనేటప్పటికి ఏడో కప్పు ఇంకా రాలేదు. ఏడో మనిషి నేను. పాల నురగ మీద ఆకు బొమ్మ మాత్రం ప్రతి కప్పులోనూ వచ్చింది, కాదనను. నా కప్పులోది ఆకో, తేలో చెప్పలేను.

పాల గొడవ చెప్తా విను. చల్లటి పాలు తీసుకొని ఆవిరి గొట్టంతో అరవై, అరవై అయిదు డిగ్రీల దాకా కాచి ఆపేయాలంట, దాటితే తీపి చచ్చిపోతుందంట. మన ఎనుము పాలు పచ్చివి ఎట్లా తాగుతారని మీ అవ్వ అడ్డం తిరిగింది. ఆమె మాట నిజమే, వాకిట్లో కొన్న పాలు పొంగనీయకుండా ఎవరు తాగుతారు? కాబట్టి ఇప్పుడు మా ఇంట్లో పాలు ముందు పొయ్యి మీద పొంగించి, మీగడ తీసి, ఫ్రిజ్జులో చల్లార్చి, మళ్ళీ మెషీనులో కాస్తారు. ఇంతా చేసి అరవై అయిదు డిగ్రీలు! కర్నూలు, నంద్యాల పక్క మే నెలలో గాలే 44, 45 ఉంటాది. కాఫీ దానికి ఇరవై డిగ్రీలు ఎక్కువ. దీనికి మెషీనెందుకు, మిద్దె మీద ఇంకొంచెం సేపు పెట్టినా అయితాది. గ్లాసు అంచు పట్టుకుంటే చెయ్యి కాలాల, డబరాలోకి ఎత్తి పోస్తే పొగ రావాల. కాలిన నాలికతో "అబ్బ" అనాల.

అయితే నాయనా, ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్ళు ఒక ఎత్తు. ఆ ఇటలీ మహానుభావులు ఎక్కడి నీళ్ళు తాగి ఈ మెషీను చేసినారో గానీ, సున్నపురాయి మీద కాపురం చేసే వాళ్ళను మాత్రం తలుచుకోలేదు. మన కడప బండ, బేతంచెర్ల బండ, యర్రగుంట్ల సిమెంటు అన్నీ ఏ రాయి చలవ? కోయిలకుంట్ల సున్నపురాయి అని భూగర్భ శాస్త్రం వాళ్ళు మన సీమలో ఊరి పేరే పెట్టుకున్నారు. ఆ రాతి సందుల్లోంచి వచ్చే బోరు నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చే బాయిలరు లోపల కడితే రెండు లక్షలూ సున్నమే. సరే, ఆర్వో నీళ్ళు పోస్తానన్నాడు. అదీ కుదరదంట! ఉప్పు బొత్తిగా లేని నీళ్ళయితే కాఫీలో రుచి దిగదు, పైగా బాయిలర్లో నీళ్ళెంతున్నాయో కనిపెట్టే కడ్డీకి నీళ్ళు ఉన్నట్టే తెలియదంట, ఉప్పుంటేనే గదా కరెంటు పారేది. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ వాళ్ళు లీటరుకు 150 మిల్లీగ్రాముల లవణాలుంటే మేలన్నారంట. అందుకని వాడు చిన్న మీటరొకటి పట్టుకొని, ఆర్వో నీళ్ళలో కొళాయి నీళ్ళు కొలిచి కలుపుతూ కూర్చుంటాడు.

నేను చూసి చూసి అన్నాను, "ఒరే, మీ ముత్తవ్వ మీటరు లేకుండానే ఈ పని చేసింది" అని. మా అమ్మ రాత్రే నీళ్ళు బాగా మరగబెట్టి, తేరనిచ్చి, పొద్దున పైది మాత్రం వంచుకొని కాఫీకి వాడేది. మరిగితే సున్నంలో కొంత అడుక్కి దిగుతుంది, కెమిస్ట్రీ అని ఆమెకు తెలియదు. పెన్నలో నీళ్ళు వట్టిపోయిన కాలంలో ఇసకలో చెలమ తవ్వితే ఊరేవి చూడు, ఆ నీళ్ళ కాఫీ వేరు. బిందె మోసుకొచ్చేది మాత్రం ఆడవాళ్ళే, నేను గట్టున కూర్చొని చెలమ గొప్పదనం చెప్పేవాణ్ణి.

నాకు నచ్చనిది ఇదే, రాసిపెట్టుకో. మా ఫిల్టరు ఈ ఎండిన ఊళ్ళకు తగ్గట్టు నడుచుకుంది. ఉప్పునీళ్ళు పోసినా, చిక్కటివో పల్చటివో ఏ పాలు కలిపినా, కరెంటు ఉన్నా పోయినా, ఉన్నదాంట్లో కాఫీ ఇచ్చింది. మీ మెషీనుకు ఊరే తగ్గట్టు నడుచుకోవాల. దాని నీళ్ళు దానివి, దాని గింజలు కాల్చి కొన్ని వారాలే కావాల, దానికి స్టెబిలైజరు కావాల. పదిహేనువందల వాట్ల పైన లాగుతుంది, మా ఇన్వర్టరు ఒకసారి ప్రయత్నించి కుయ్యోమంది. రబ్బరు వాషరొకటి కారితే, అమ్మిన వాళ్ళు బెంగుళూరు నుంచి మనిషిని పంపేదానికి మూడు వారాలు చేసినారు. మా ఫిల్టరుకు వీధిలోకి కళాయి వేసేవాడు వచ్చేవాడు. ఇప్పుడు రాడులే. పిలిచినా రాడు.

ఎస్ప్రెస్సో మాకు కొత్తేం కాదు, ఆ గర్వం కూడా వద్దు మీకు. పెండ్లిళ్ళలో, సినిమాహాళ్ళలో అప్పట్లో ఒక పెద్ద మెరిసే మెషీను ఉండేది, పాల చెంబులోకి గొట్టం దూర్చి బుస్సుమంటే మాట వినపడేది కాదు. ఇన్‌స్టంట్ పొడి, చారెడు చక్కెర, మీద చిటికెడు పొడి చల్లేవాళ్ళు. అది ఎస్ప్రెస్సో కాదంటాడు మావాడు. అసలుది 1948 తర్వాత గజియా అనే ఆయన స్ప్రింగు మీట మెషీనుతో వచ్చిందంట, మీద బంగారు రంగు నురగ తేలితే మొదట అక్కడి వాళ్ళే ఇదేం తెట్టెరా అని అనుమానపడినారంట. చూడు, ఇటలీలో కూడా నాలాంటోళ్ళు ఉన్నారు. నేను మాత్రం పెండ్లి కాఫీయే అసలు ఎస్ప్రెస్సో అని చివరిదాకా వాదిస్తా.

నిజానికి మా రోజుల కాఫీలో చికోరీ ఎంతుండేదో చెప్తే మీరు నవ్వుతారు. మొదటి డికాషను చుట్టాలకు, రెండోది ఇంట్లో వాళ్ళకు, మూడోది ఎవరికో నేను చెప్పను, రంగు నీళ్ళు. ఇంకా ఎనక్కి పోతే మా జేజినాయన ఆ ఫిల్టరునే ఇంటికి పట్టిన శని అనేవాడు. "మా రోజుల్లో పొద్దున్నే అంబలి తాగి చేనికి పోయినాము, ఈ నల్లనీళ్ళకు మరిగి మీరు ఎందుకూ పనికిరాకుండా పోతారు" అని ఆయన పోయేదాకా సణిగినాడు. ఆయన మాట మేము వినలేదు. వినకపోవడం మంచిదే అయింది. అది వేరే సంగతి, దాన్ని నా మీదికి తిప్పకు.

ఇంకొకటి కూడా, వాడికి చెప్పొద్దు. మెషీనుకు వాడు తెచ్చే గింజలు మన అరకువే. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు ముందే ప్యారిస్‌లో అంగడి పెట్టినారు. మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి తిన్నాక, ఆ చిట్టి కప్పులో నల్లటిది రెండు గుక్కలు, చక్కెర లేకుండా, గోడ పక్క తిరిగి తాగుతా. గంట దాకా నాలిక మీదనే ఉంటాది. "బాగుందా తాతా" అంటాడు. "చేదు" అంటా. ఆదివారం వాడు బెంగుళూరు పోయినాక, స్విచ్చేసి అరగంట కాచుకొనేది ఎవరని అడగబాకు.

ఇప్పుడు కొత్త పాట మొదలుపెట్టినాడు. మెషీను కంటే గ్రైండరే ముఖ్యమంట, ఉన్న గ్రైండరు చాలదంట, ఇంకా ఖరీదుది కావాలంట. అటక మీద నుంచి మా చేతి మర దింపించి ముందర పెట్టినా. బూజు దులిపి, స్టూలుకు బిగించి, గుప్పెడు గింజలు వేసి కాసేపు తిప్పినాడు, పొడి వేళ్ళ మధ్య నలిపి చూసినాడు. "ఇంత సన్నం చాలదు తాతా, తొమ్మిది బార్లకు నిలబడదు" అన్నాడు.

చాలదు సరే. దాంతోనే మీ నాయనను పెంచినాము, వాడు నిలబడలేదా?